శవపేటికలో మా నాన్న

జూన్ 6, శుక్రవారం

ఆఫీసుకు లీవు పెట్టి మరీ ఫస్ట్ డే మ్యాట్నీ చూశాను. ఎప్పటిదో ఇంగ్లీషు దయ్యం కథ. కోటలో ఉండాల్సిన రక్తపిశాచిని మా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌కు తెచ్చి, మూతపడిన గనిలో దింపారు. దానికి బంగారు కోరలు. మూడువేల అడుగుల లోతులో హీరోయిన్‌కు వానపాట. క్లైమాక్స్‌లో హీరో వెల్లుల్లి దండ మెడలో వేసుకుని వెళ్లి, తానే పిశాచిని కొరికేశాడు. ఒకటే విజిల్స్.

ఇదంతా ఎందుకు భరించానంటే, ఇందులో మా నాన్న శ్రీరామప్ప ఒక శవం. పోయిన ఏడాది ఇక్కడే షూటింగ్. శవపేటికల్లోంచి లేచే పదిమందిలో ఆయనే మొదటివాడు. నాకు క్లోజప్ పెట్టినారు అని వారం రోజులు మా గని కార్మికుల లైన్ ఇళ్లన్నీ తిరిగి చెప్పుకున్నాడు. నవంబర్‌లో, ఊపిరితిత్తుల్లో చేరిన గని దుమ్ముతో దగ్గి దగ్గి, నిజంగానే పోయాడు.

మూడే సెకన్లు. మూత తెరుచుకుంది. నాన్న లేస్తూ గబుక్కున తల వంచాడు. గనిలో పైరాయి తగలకుండా ఏళ్ల తరబడి వంచిన తల. ఇంట్లో మంచం మీంచి లేచినా అంతే. జనం పడీ పడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

జూన్ 8, ఆదివారం

నాన్న తల వంచడాన్ని ఎవరో మీమ్ చేశారు. 'మర్యాద తెలిసిన దయ్యం' అట. ఆఫీసు గ్రూపులో వస్తే నేనూ నవ్వు ఎమోజీ పెట్టాను. సిగ్గుగా ఉంది.

జూన్ 10, మంగళవారం

అమ్మ ఒకటే పోరు. యాడ ఆడతా ఉండాదో తీసుకుపో, మీ నాయన్ను ఒకతూరి చూడాల అంటుంది. సినిమా బాగాలేదన్నాను. టికెట్లు దొరకడం లేదన్నాను. అన్నీ ఖాళీ కుర్చీలేనని, గురువారంతో తీసేస్తారని పక్కింటావిడ చెప్పేసింది. ఆయన్ను చూసి జనం నవ్వుతున్నారని ఈమెకు ఎలా చెప్పను?

జూన్ 12, గురువారం, సాయంత్రం 6

అమ్మను మ్యాట్నీకి తీసుకెళ్లక తప్పలేదు. వానపాట వస్తే, గనిలో వాన యాడిదే, మీ నాయన ఎప్పుడూ చెప్పలేదే అంది.

మూత తెరుచుకునే ముందు ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాన్న తల వంచాడు. వెనక వరుసల వాళ్లు నవ్వారు. అందరికంటే గట్టిగా అమ్మ నవ్వింది. ఇంట్లో మేమూ ఇలాగే నవ్వేవాళ్లం, మర్చేపోయాను.

అంతలో నాన్న నోరు తెరిచి గర్జించాడు. అమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ గొంతు ఆయనది కాదు అంది. ఆయన దగ్గును ఏం చేసినారు, అడుగమ్మా అంది.

ఎవరిని అడగను?

జూన్ 13, శుక్రవారం

సినిమా తీసేశారు. పొద్దున చాప మీంచి లేస్తూ అమ్మ తల వంచింది. పైన ఏమీ లేదు.