గురువు పేరు తీసేసిన రోజు

గ్లాస్గో, మంగళవారం

మ్యూజియంలో ఈరోజు నా మాట నెగ్గింది.

ఆ పాత జపనీస్ కాగితపు చుట్ట నిండా అమిద బుద్ధుడి నామమే, వరసలు వరసలుగా. ఒక మహాగురువు రాశాడని లేబుల్. నాకు మొదటినుంచీ అనుమానమే. ఆయన రాతలో ప్రతి అక్షరం చూసేవాళ్ల కోసం నిలబడుతుంది. ఇందులో కుంచెని సిరాలో ఒకసారి ముంచి, అది పూర్తిగా ఆరేదాకా నామం మీద నామం రాసుకుంటూ పోయారు. రామకోటి రాసేటప్పుడు అమ్మమ్మ పెదాలు ఆగేవి కావు, పెన్నూ ఆగేది కాదు. అచ్చం అదే నడక.

మా హెడ్ హెలెన్ లెన్స్ పెట్టి చాలాసేపు చూసి, "నువ్వన్నదే నిజం పద్మా, గురువు పేరు తీసేద్దాం" అంది.

చుట్టని మాకిచ్చిన పెద్దావిడ శుక్రవారం వస్తుంది. అంత పెద్ద పేరు పోయిందని ఆవిడకెలా చెప్పను? దిగులుగానే ఉంది...

భోజనాల దగ్గర మా అమ్మాయి, "సో హూ రోట్ ఇట్?" అంది.

"తెలీదే."

"దెన్ వై ఆర్ యూ సో హ్యాపీ, అమ్మా?"

కొత్త లేబుల్ చదివి వినిపించాను: "రాసినవారు తెలియదు. జపిస్తూ రాశారు."

ఆ రెండో వాక్యం నాది.