మల్లమ్మ దవడ ఎముక

మహబూబ్‌నగర్, 1944, మంగళవారం

ఈ దవాఖానాలో డాక్టరుగా ఇరవై ఏళ్లుగా నోటి పుండ్లను తడిమిన వేళ్లు నావి. గొర్రెలు కాసే మల్లమ్మకు చిగురు మీద క్యాన్సర్ పుండు; పళ్లు కదులుతున్నాయి, కింది పెదవి మొద్దుబారింది. క్యాన్సర్ ఎముకలోకి దిగింది, దవడ కోయాల్సిందేనన్నాను.

పట్నం నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఎక్స్‌రే తీసి, తడి ఆరని ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టాడు. “ఎముకకేం కాలె అవ్వా, దవడ కోసే పనిలేదు.”

“నీ కడుపు సల్లగుండ కొడుకా! గీ పెద్దసాబు ఉత్తగనే నా దవడ కోసేటోడు” అంటూ మల్లమ్మ అతని చేతులు పట్టుకుంది. నిన్నటిదాకా ఆ దీవెన నాది.

ఇప్పుడిప్పుడే చెడుతున్న ఎముక ఫిల్ములో కనపడదు, ఒక్కోసారి వేలికే ముందు తెలుస్తుంది. ఆ మాటంటే కుళ్లుకుంటున్నాడంటారని నోరు మూసుకున్నాను.

కుళ్లుకుంటున్న మాట నిజమే. నా వేళ్లే గెలవాలని ఉంది. అంటే, మల్లమ్మ ఎముకలో క్యాన్సర్ ఉండాలని.