సగం పడవ

ఎష్‌మురాద్ అన్నయ్యకు, తాష్కెంటులో నేను కులాసా, అమ్మను బెంగపడొద్దను.

మన ఊరి దిబ్బలో దొరికిన గోడబొమ్మ ముక్కల్ని ఇక్కడ మ్యూజియంలో అతుకుతున్నాం. బొమ్మలో ఆము నది రేవు, ఏనాటివాళ్లో వర్తకులు, వాళ్ల నీలం పడవ. పడవ సగమే ఉంది. మిగతా సగం మనవాళ్లు ఎరువుకని తవ్వి పొలాలకు తోలుకున్న మట్టిలో కలిసిపోయింది. "పడవను ఎరువుగా వేసి ఖర్బూజాలు కాయించారు కదమ్మా మీవాళ్లు!" అన్నాడు మా పెద్దమేస్త్రి నేమత్ మామ. అందరితోపాటు నేనూ నవ్వాను గానీ, ఆ పూట రొట్టె సయించలేదు.

ఇక ఆ దిబ్బ మీద పార వెయ్యకండి. అమ్మ మోకాలు ఎలా ఉంది? పిల్లలు తొక్కుడుబిళ్లాడే నీలం పెచ్చులు పారెయ్యనివ్వకు, గుడ్డలో కట్టి పంపు.

వదినకు సలాం. అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి. ఈ ఏడు ఖర్బూజాలు పంపకు, నాకు మింగుడుపడవు.

నీ చెల్లెలు,
జుల్హుమోర్