కట్టేసిన కుడిచెయ్యి

మంగళవారం, తిరుత్తణి.

ఎడంపక్క పక్షవాతం వచ్చిన నాయనను తిరువళ్లూరులో అక్క ఇంటికి చేర్చి వారమైంది. అక్కడైతే ఫోన్ చేస్తే చాలు, నర్సు ఇంటికే వస్తుంది. ఇక్కడికి పంపమంటే నర్సులను పంపేవాళ్లందరిదీ ఒకటే మాట: "తిరుత్తణికి వచ్చేదానికి మనుషులు లేరు సార్." రైల్లో గంట దూరం, అంతే.

ఈ సాయంత్రం వెళ్లేసరికి నాయన కుడిచెయ్యి మంచానికి గుడ్డతో కట్టేసి ఉంది.

"ఊరికే గుంజతా ఉండారన్నా, ఫిట్స్ మాదిరి. ముక్కులో ట్యూబ్ పీకేసుకుంటే ఎట్ల?" అంది నర్సు.

కట్టు విప్పాను. చెయ్యి లేచింది, కిందికి గుంజింది, ఒక్క క్షణం ఆగి మళ్లీ లేచింది. నలభై ఏళ్లు మగ్గం తాడు లాగిన చెయ్యి. నాయన నేస్తున్నాడు.

అక్కను వంటింట్లోకి పిలిచి అడిగాను, "నీకు తెలీలేదా అక్కా?"

"మొదటి దినమే తెలిసెరా. కట్టొద్దంటే ఆ పిల్ల కోపమొచ్చి పని మానేస్తే నాయనను ఎవరు చూస్తారు?"

రైలుకు టైమైంది. నర్సు మళ్లీ గుడ్డ అందుకుంది. తను ముడి వేసేదాకా నాయన చెయ్యి కదలకుండా అదిమి పట్టుకున్నది నేనే.

ఇప్పుడు ఇక్కడ మా ఇంట్లో, పక్కగదిలో నాయన మగ్గం ఖాళీగా ఉంది. నా అరచేతిలో ఆ గుంజుడు మాత్రం ఇంకా ఆగలేదు.