మైకు లేని గ్రామసభ

గురువారం, వెలిగండ్ల

గొంతు పూర్తిగా పోయింది. ఎల్లుండి మార్కాపురంలో మా పంక్ బ్యాండు షో ఉంది, పాడాల్సింది నేనే. అయినా నవ్వు ఆగడం లేదు.

పొద్దున బడి ఆవరణలో గ్రామసభ మొదలవగానే కరెంటు పోయి మైకు ఆగిపోయింది. "ఏముంది మేడమ్, ఎప్పటి మాదిరి ముందు కూర్చున్నోళ్లకు చదివేసి సంతకాలు పెట్టించుకోండి" అన్నాడు సర్పంచి. నాకు ముందు పనిచేసిన కార్యదర్శులంతా అదే చేశారు, ఇన్నాళ్లూ నేనూ అంతే. అందుకే వెనక కూర్చునే కాలనీవాళ్లకు కొళాయి లైను ఏ తీర్మానంలోనూ రాలేదు.

రెండేళ్లుగా ఈ ఊరికి నేను నోట్లో నాలుక లేని పంచాయతీ కార్యదర్శిని. ఈరోజు మాత్రం స్టేజీ మీద అరిచే గొంతుతోనే చదివాను. "కొత్త పైపులైను ఊరి వీధుల వరకే! ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

బడి కప్పు మీద కాకులు లేచిపోయాయి. వెనక నుంచి మరియమ్మవ్వ చెయ్యెత్తింది.

"ఉండాది! మా కాలనీ ఏమైనాది? మేం ఊరోళ్లం కాదా ఏంది?"

ఆమె చుట్టూ కాలనీ చేతులన్నీ లేచాయి. కాలనీ పేరు చేర్చి తీర్మానం మళ్లీ రాశాను. సర్పంచి నా వైపు చూడకుండానే సంతకం పెట్టాడు.

పోతూ పోతూ మరియమ్మవ్వ నా గడ్డం పట్టుకుంది. "ఇంత గొంతు యాడ దాచిపెట్టినావు తల్లీ? ఆదివారం చర్చికి రా, పాడుదువు." నా పాటలు వింటే పాస్టరుగారు ఏమైపోతారో!

ఎవరో వీడియో తీశారు. అది పై ఆఫీసుకు చేరితే...

షోలలో గొంతు చాలాసార్లు పోగొట్టుకున్నాను. ఉద్యోగంలో పోవడం ఇదే మొదటిసారి.