రసీదు వెనక షరతులు

ఆదివారం, రాత్రి

మన తెలుగు సంఘం రిజిస్టర్‌లోని బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, మరణాలు అన్నీ కంప్యూటర్‌కి ఎక్కించడానికి డేటాబేస్ దొరికిందని ఇవాళ ఆరాధన అయ్యాక గొప్పగా ప్రకటించాను. రిజిస్టర్ ఉండేది జేమ్స్ మావయ్య దగ్గర. షాలిమార్ రైల్వే గూడ్స్ షెడ్డులో సరుకు రసీదులు రాసే గుమాస్తాగా రిటైరైన మనిషి.

"ఫ్రీయే మావయ్యా" అన్నాను.

"రసీదు ఎనకాల సదివినావేటి?" అన్నాడు.

సరుకు రసీదు వెనక షరతులుంటాయి కదా, ఆయన అడిగేది లైసెన్స్ సంగతి. చదవలేదు. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆ పని వేరేవాళ్ళు చూస్తారు. ఒళ్ళు మండినా ఫోన్‌లో లైసెన్స్ తెరిచి, ఒక్కో షరతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. మనం వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇతరులకు సేవగా నడిపి ఇవ్వకూడదు. ఆ వాక్యం మళ్ళీ చదివాను.

"మరైతే మెటియాబ్రుజ్ సంఘపోళ్ళకి?" అన్నాడు మావయ్య.

నది అవతల ఉన్న ఆ సంఘం రిజిస్టర్ పుస్తకం మొన్నటి వానకి తడిసింది. వాళ్ళ రిజిస్టర్ కూడా మన కంప్యూటర్‌లోనే నడిపి ఇస్తామని మాటిచ్చింది నేనే.

సిగ్గేసింది. పూర్తిగా ఓపెన్ సోర్స్ అయిన ఇంకో డేటాబేస్ లైసెన్స్ తీశాను. అరపేజీ కూడా లేదు. ఎలాగైనా వాడొచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు. తయారుచేసినవాళ్ళ పేరు మాత్రం చెరపకూడదు.

మావయ్య కళ్ళజోడు తీశాడు. "పేరు సెరపకూడదు, అంతే గదా? మన రిజిస్టరూ అదే గదమ్మా."

ఆ రెండో డేటాబేస్ ఇప్పుడే ఇన్‌స్టాల్ అయింది. వచ్చే ఆదివారం ఆ తడిసిన పుస్తకం తెస్తారట. కొన్ని పేజీలు అంటుకుపోయాయంటున్నారు, ఎన్ని పేర్లు తేలతాయో... ముందు వాళ్ళవే ఎక్కిస్తాను.