శుక్రవారం సాయంత్రానికి పెట్టిన ముహూర్తం

అమ్మకి,

ఫోన్ చేస్తే నాన్న స్పీకర్ పెట్టేస్తారు. ఆయన విన్నది వీధంతా వింటుంది. అందుకే ఈ ఉత్తరం తమ్ముడి చేత పంపుతున్నాను. రేపు సాయంత్రం వాడు తిరిగి బయల్దేరేలోగా జవాబు రాసివ్వు. స్నానాలగదిలో తలుపేసుకుని చదువు. నవ్వకు, నిజంగానే చెబుతున్నాను.

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, "కంపెనీ వాళ్లకి ముహూర్తాలు పెడుతుంది" అంటావు కదా. ఎగతాళికే అన్నా అది నిజమే. మాది పసిపిల్లల మంచాలు తయారుచేసే కంపెనీ. కొత్తరకం మంచం వస్తే పొద్దున పదింటికల్లా పేపర్లవాళ్లకి కబురు పంపుతాను, అప్పుడైతే తీరిగ్గా రాసుకుంటారు. ఏ పెద్ద నాయకుడి సభో ఉన్నరోజు ప్రెస్‌మీట్ పెట్టను. పెడితే చివరికి కుర్చీలూ, బిస్కెట్లూ, నేనూ మిగులుతాం. ఇన్నాళ్లూ ఈ పని నాకు సరదాగానే ఉండేది.

పోయిన వారం మా కొత్త మంచం గొళ్లెం దానంతటదే ఊడిపోతోందని తెలిసింది. పిల్లలు పక్క కమ్మీ పట్టుకుని నిలబడగానే అది కిందికి జారిపోతోంది. ఇద్దరు పడ్డారు. ఒక పాపకి చెయ్యి విరిగింది. ఆ మంచాలు వాడొద్దనీ, గొళ్లెం మార్చిస్తామనీ ప్రకటన ఇవ్వాలి. మా పెద్దాయన, అంటే కంపెనీ యజమాని, నన్ను గదిలోకి పిలిచి, "ఎప్పుడిస్తే ఎవరి కంటా పడదు?" అని అడిగారు. నేను టక్కున చెప్పానమ్మా. "ఈ శుక్రవారం సాయంత్రం సార్. ఆ రోజే ఫైనల్ మ్యాచ్, తర్వాత వరసగా సెలవులు" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించనైనా లేదు. ఆయన "శభాష్" అన్నారు. అది విన్నప్పటినుంచీ నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. నువ్వేమంటావు? అసలీ విద్య నీ దగ్గర నేర్చుకున్నదే కదా. నేను పరీక్ష తప్పిన సంగతి నాన్నకి భోజనమయ్యాక, కునుకు పట్టకముందు చెప్పావు చూడు, అలాగన్నమాట.

నీ
పెద్దది


పెద్దదానికి,

స్నానాలగదిలోనే చదివాను. మీ నాన్న బయటినుంచి రెండుసార్లు తలుపు కొట్టారు.

నా దగ్గర నేర్చుకున్నానన్నావే, అక్కడ నాకు ఒళ్లు మండింది. నేను వేళ చూసింది మాట ఆయన బుర్రకెక్కాలని. ఆకలిమీదున్నప్పుడు చెబితే అరుస్తారు తప్ప వినరు. అన్నం తిన్నాక విన్నారు, విని నీకు ట్యూషన్ పెట్టించారు. అంతేగానీ ఆయన గుర్రుపెట్టి నిద్రపోతుంటే చెవిలో ఊది, నా బాధ్యత తీరిందని చేతులు దులుపుకోలేదు. నువ్వు చెయ్యబోయేది అదీ.

మానేస్తానంటావు. మానేసి ఇంట్లో కూర్చుని ఏడువు. నీ కుర్చీలోకి ఇంకొకరొచ్చి అదే శుక్రవారం అదే కాగితం పంపుతారు. నువ్వు మంచిదానివని నువ్వనుకుంటావు, ఆ పిల్లలు మాత్రం ఆ మంచాల్లోనే పడుకుంటారు. ముందు వెళ్లి ఆ పెద్దమనిషికి చెప్పు. ఇంకా శుక్రవారందాకా ఆగడమేమిటసలు, నాకర్థం కాలేదు. ఉద్యోగం ఊడితే ఊడింది, మేం లేమా.

కోపంగా రాశానని బెంగపెట్టుకోకు.

అమ్మ


అమ్మా,

అయిపోయింది. హమ్మయ్య అని రాయడానికే కూర్చున్నాను.

నిన్న పొద్దున్నే వెళ్లి, "సార్, నేను తప్పు వేళ చెప్పాను" అన్నాను. ఆయన కంగారుపడి, "ఏం, మ్యాచ్ వాయిదా పడిందా?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "శుక్రవారం ఇస్తే ఎవరూ చదవరు సార్. చదివిన ఒకరిద్దరు ఫోన్ చేసినా సెలవుల్లో ఎత్తే దిక్కుండదు. ఈలోగా ఇంకో బిడ్డ పడితే ఆ ప్రకటన నేను రాయలేను" అన్నాను.

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "మంచాలు అమ్ముడుపోవు" అన్నారు. "పోవు సార్" అన్నాను. "నీ ఉద్యోగం మాట?" అన్నారు. "భయంగానే ఉంది సార్" అన్నాను. చివరికి, "మరి ఎప్పుడిద్దాం?" అని అడిగారు. ఇప్పుడే, పదింటికి అన్నాను. "పదింటికి మంచి వార్తలు కదా ఇస్తాం" అని గొణిగి, "సరే, కానివ్వు" అన్నారు.

కొత్త మంచం చూపిస్తామనుకుని విలేకరులంతా వచ్చారు. సంగతి తెలిశాక పెద్దాయన్ని దులిపేశారు. ఆయన తలొంచుకుని ఒక్కొక్కరికీ జవాబు చెప్పారు. మధ్యాహ్నానికి టీవీల్లో, ఇవాళ పేపర్లలో మొదటి పేజీలో మా పరువు బజారున పడింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. జీతాల లెక్కలు చూసేవాళ్లు, డ్రైవర్లు, పెద్దాయన కూడా కూర్చుని ఎత్తారు. అందరూ తిట్టేవాళ్లే. తిట్లు తింటూ ఇంత ప్రాణం తేలికపడటం నాకిదే మొదటిసారి.

ఇందాక ఒకావిడ గుసగుసగా మాట్లాడింది. ఎందుకండీ అంత నెమ్మదిగా అంటే, పాప ఆ మంచంలోనే నిద్రపోతోంది, లేస్తుందేమో అంది. లేచినా ఫర్వాలేదు, ముందు ఎత్తుకోండి, నేను లైన్లోనే ఉంటానన్నాను. అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత కమ్మీ ధడాలున పడిన చప్పుడు, పిల్ల ఏడుపు. కాసేపటికి ఆవిడ ఫోన్ తీసి, "నేను చెయ్యేశానో లేదో, ఊడొచ్చిందండీ" అంది.

"పాపేదీ?" అని అడిగాను.

"నా భుజం మీదుంది."

నీ
పెద్దది